ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో చేతులెత్తేస్తే: బూస్ట్ కంట్రోల్‌లో కరెంటు లోపం పట్టుకోవడం ఎలా?

అలిపిరి దాటే వరకు బండి బాగానే ఉంటుంది. ఘాట్ మొదలై నాలుగు మలుపులు తిరిగేసరికి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గరే ఆగిపోతుంది. మీటర్ బోర్డులో పసుపు ఇంజన్ లైటు వెలుగుతుంది. వెనక బస్సువాళ్ళు హారన్ కొడుతుంటారు, బండిలో ముసలివాళ్ళు, పిల్లలు ఉంటారు, మనకు ఒకటే టెన్షన్. ఎలాగో పైకి చేరి, దర్శనం చేసుకుని వచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు బండి మామూలుగా లాగుతుంది.

తిరుపతిలో కార్ల కరెంటు పని చేసే నా దగ్గరికి ఈ కంప్లైంటు ఏడాది పొడుగునా వస్తుంది. వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక చోట చూపించి ఉంటారు. "టర్బో పోయింది, మార్చాలి" అన్న మాట విని, అంత డబ్బు ఎక్కడ తేవాలా అని ఆలోచిస్తూ వస్తారు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, ఆ ఒత్తిడినే బూస్ట్ అంటాం. నిజంగా టర్బో పోయిన బండ్లూ ఉన్నాయి, కాదనను. కానీ టర్బోను అదుపు చేసే వైర్లను, వాటి కప్లర్‌ను (వైర్లు కలిపే ప్లగ్గును) ఒక్కసారి కూడా కొలవకుండా టర్బో మార్చమనడం సరైన పని కాదు. మీటరు పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఈ చెకింగ్ ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. నేను చేసే వరుసలోనే చెబుతాను.

అసలు ఇది కరెంటు లోపమేనా?

టర్బో బలం తగ్గడానికి మూడు దారులున్నాయి. గాలి లీకవడం, టర్బోలో మెకానికల్ లోపం రావడం, దాన్ని అదుపు చేసే కరెంటు సర్క్యూట్‌లో లోపం రావడం. ఇంటర్‌కూలర్ హోస్ (టర్బో గాలిని చల్లార్చే జాలీకి వెళ్ళే రబ్బరు పైపు) చినిగితే బరువు పడినప్పుడల్లా ఉస్సుమని గాలి శబ్దం వస్తుంది, వెనక నల్లపొగ కూడా వస్తుంది. లోపం రోజూ ఒకేలా ఉంటుంది. వేన్లకు, అంటే టర్బో లోపలి కదిలే రెక్కలకు, మసి పట్టి బిగుసుకుంటే చాలాసార్లు పికప్ మెల్లమెల్లగా నెలల తరబడి తగ్గుతూ వస్తుంది.

కరెంటు లోపం అలా ఉండదు. స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా బలం పోతుంది. ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, తన ఆజ్ఞ టర్బోకు చేరడం లేదని గమనించగానే ఇంజన్‌ను కాపాడుకోవడానికి డీజిల్ కూడా తగ్గిస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటాం. డీజిల్ తగ్గుతుంది కాబట్టి నల్లపొగ పెద్దగా రాదు. కీ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఈసీయూ మొదటినుంచి చెక్ చేసుకుంటుంది. ఆ క్షణంలో లోపం లేకపోతే బండి మామూలుగా నడుస్తుంది. ఒక్కసారిగా పోవడం, కీ ఆపితే తిరిగి రావడం రెండూ కనిపిస్తే ముందు మీటరు బయటికి తీయండి, స్పానర్లు తర్వాత.

మీ బండిలో బూస్ట్‌ను ఏది అదుపు చేస్తుంది?

ఇది తెలియకుండా చెకింగ్ మొదలుపెట్టకండి. కొన్ని చిన్న డీజిల్ ఇంజన్లలో వేస్ట్‌గేట్‌కు (టర్బోను తిప్పే పొగలో ఎక్కువైనదాన్ని పక్కకు వదిలే తలుపుకు) అసలు కరెంటే ఉండదు. టర్బో గాలే ఒక పైపు ద్వారా వచ్చి డయాఫ్రమ్‌ను, అంటే డబ్బాలోని రబ్బరు పొరను, తోస్తుంది. అలాంటి బండిలో సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) కోసం వెతికితే రోజంతా గడిచిపోతుంది.

కరెంటుతో నడిచేవి రెండు రకాలు. మొదటి రకంలో రెండు వైర్ల సోలినాయిడ్ వాల్వు ఉంటుంది. దానికి సన్నటి రబ్బరు పైపులు తగిలించి ఉంటాయి. వీజీటీ టర్బో (వేన్ల కోణం మార్చి బూస్ట్ మార్చే రకం) ఉన్న చాలా డీజిల్ బండ్లలో ఈ వాల్వు వాక్యూమ్‌ను అదుపు చేస్తుంది. బ్రేకు బూస్టర్‌కు వెళ్ళే వాక్యూమే ఇది, ఇంజన్‌తో తిరిగే పంపు నుంచి వస్తుంది. సోలినాయిడ్‌కు కరెంటు అందకపోతే వాక్యూమ్ ఆగుతుంది, వేన్లు తెరుచుకుంటాయి, బూస్ట్ పడిపోతుంది. రెండో రకంలో టర్బో మీదే మోటారు పెట్టె ఉంటుంది, దానికి సాధారణంగా ఐదు వైర్లు వస్తాయి. ఇప్పటి టర్బో పెట్రోల్ బండ్లలో చాలావాటికి కూడా వేస్ట్‌గేట్‌ను మోటారే తిప్పుతుంది.

బానెట్ ఎత్తి టర్బో దగ్గర గొడుగు ఆకారంలో ఉన్న డబ్బా, దాని నుంచి బయటికి వచ్చే కడ్డీ ఉన్నాయేమో చూడండి. డబ్బాకు వచ్చే రబ్బరు పైపు రెండు వైర్ల వాల్వుకు వెళితే మొదటి రకం. వాల్వు లేకుండా నేరుగా టర్బో గాలి నుంచే వస్తే కరెంటు లేని రకం. ప్లాస్టిక్ పెట్టె, వెడల్పాటి కప్లర్ ఉంటే రెండో రకం.

దగ్గర పెట్టుకోవలసినవి

డిజిటల్ మల్టీమీటరు, ఓబీడీ స్కానర్, హోల్డర్‌తో 21 వాట్ల ఇండికేటర్ బల్బు, కుట్టుపనికి వాడే గుండుసూదులు నాలుగు, చేతితో లాగే వాక్యూమ్ పంపు దొరికితే అది, మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్. స్కానర్ ఖరీదైనది కానక్కర్లేదు. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్నది చాలు, ఈసీయూ రాసుకున్న లోపాల కోడ్‌లు, సెన్సార్ల అప్పటికప్పటి అంకెలు (లైవ్ డేటా) చూపిస్తుంది. స్కానర్ నుంచే ఆజ్ఞ ఇచ్చి వాల్వును కదిలించి చూసే యాక్టువేషన్ టెస్టుకు మాత్రం మీ కంపెనీ బండికి పనిచేసే స్కానర్ కావాలి. డయాగ్రమ్ లేకుండా ఈసీయూ కప్లర్‌లో పిన్నులు వెతకొద్దు. వైరు రంగు చూసి ఊహించడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదం.

బండి వచ్చిన వెంటనే టర్బో దగ్గర చెయ్యి పెట్టకండి. మన ఊరి ఎండాకాలంలో అది చల్లారడానికి గంటకు పైగా పడుతుంది.

ముందు బ్యాటరీ

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.7 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇంజన్ నడుస్తూ లైట్లు, ఏసీ వేసి ఉన్నప్పుడు మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ బ్లాకు మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే తీగ) శుభ్రం చేశాకే ముందుకు వెళ్ళండి. బలహీనమైన బ్యాటరీ, చెడ్డ ఎర్త్ ఉన్న బండిలో ఈసీయూ నాలుగు రకాల తప్పుడు కోడ్‌లు పెడుతుంది. వాటి వెంట పరుగెత్తి లాభం లేదు.

కోడ్ ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

ఉన్న కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చూడండి. కోడ్ పడినప్పుడు వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. ఆ తర్వాతే చెరపండి. ముందే చెరిపేసి తెచ్చిన బండికి నాకు రెట్టింపు సమయం పడుతుంది.

పి0045 అంటే బూస్ట్ కంట్రోల్ సర్క్యూట్ తెగింది లేదా లోపం ఉంది. పి0047 అంటే అదే సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువ, పి0048 అంటే ఎక్కువ. వేస్ట్‌గేట్ సోలినాయిడ్ పేరుతో వచ్చేవి పి0243, పి0245, పి0246, వాటి అర్థాలూ ఇవే వరుసలో. పి0235 నుంచి పి0238 వరకు బూస్ట్ సెన్సార్‌వి. పి2562 నుంచి పి2565 వరకు మోటారు రకంలో ఉండే పొజిషన్ సెన్సార్‌వి. పి0299 అంటే బూస్ట్ తక్కువ, పి0234 అంటే ఎక్కువ. ఈ చివరి రెండూ ఫలితాన్ని చెబుతాయి, కారణాన్ని చెప్పవు. పి0299 ఒక్కటే ఉంటే ముందు హోస్‌లు, వాక్యూమ్ పైపులు చూడండి. దాంతో పాటు పి0045 లాంటిది ఉంటే ముందు సర్క్యూట్ సంగతి తేల్చండి, పి0299 చాలాసార్లు దానంతట అదే పోతుంది.

తక్కువ, ఎక్కువ అన్న మాటలు అర్థమైతే సగం పని అయినట్టే. సోలినాయిడ్‌కు ఒక వైపు ఫ్యూజు, రిలే మీదుగా 12 వోల్టులు ఎప్పుడూ వస్తుంటాయి. రెండో వైపు వైరు ఈసీయూకు వెళుతుంది. ఈసీయూ ఆ వైరును సెకనుకు ఎన్నోసార్లు ఎర్త్‌కు కలుపుతూ వదులుతూ ఉంటుంది. వదిలినప్పుడు కాయిల్ మీదుగా 12 వోల్టులు తన పిన్ను దాకా రావాలి. రాకపోతే కాయిల్ తెగి ఉండాలి, సప్లై లేకపోయి ఉండాలి, లేదా వైరు తెగో ఎర్త్‌కు తగిలో ఉండాలి. అది తక్కువ. ఎర్త్‌కు కలిపినప్పుడు పిన్ను సున్నా దగ్గరికి దిగాలి. దిగకపోతే ఆ వైరు ఎక్కడో 12 వోల్టుల వైరుకు తగులుతోంది, లేదా కాయిల్ లోపల షార్ట్ అయి కరెంటు ఎక్కువ లాగుతోంది. అది ఎక్కువ.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక కిటుకు ఉంది. ఎక్కువ అనే కోడ్ ఉన్నప్పుడు సోలినాయిడ్ కప్లర్ ఊడదీసి, కోడ్ చెరిపి, కీ ఆన్ చేసి మళ్ళీ స్కాన్ చేయండి. కోడ్ మారి తెగినట్టో తక్కువ అనో వస్తే వైరు బాగుంది, తప్పు సోలినాయిడ్‌ది. ఎక్కువ అనే కోడే మళ్ళీ వస్తే తప్పు వైరుది. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు), ఎయిర్ ఫ్లో మీటరు (లోపలికి వచ్చే గాలిని కొలిచేది), బూస్ట్ సోలినాయిడ్, మూడింటికీ ఒకేసారి సర్క్యూట్ కోడ్‌లు పడితే మూడు వస్తువులూ ఒకే రోజు పాడయ్యాయని అనుకోకండి. డయాగ్రమ్‌లో వాటికి కలిసిన ఫ్యూజు ఏదో, కలిసిన ఎర్త్ పాయింటు ఏదో చూడండి.

తిరుపతిలో 99, తిరుమలలో 91

బూస్ట్ సెన్సార్ తప్పు చెబితే ఈసీయూ మంచి టర్బోను కూడా ఆపేస్తుంది. దీన్ని చెక్ చేయడానికి కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా లైవ్ డేటాలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) చూడండి. ఇంజన్ తిరగడం లేదు కాబట్టి అక్కడ ఉన్నది బయటి గాలి ఒత్తిడే. తిరుపతి ఊరు సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 99 కిలోపాస్కల్ దగ్గర చూపించాలి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ ఇదే బండి 91, 92 చూపించాలి. వాతావరణాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ ఉంటుంది. కింద 99 చూపించి పైన కూడా 99 చూపించే సెన్సార్ బిగుసుకుపోయినట్టే. కొండ ఎక్కి దిగేవాళ్ళకు ఇంత మంచి టెస్టు బెంచీ ఏ గ్యారేజీలోనూ దొరకదు.

సెన్సార్ 0 చూపించినా, 255 లాంటి అర్థం లేని అంకె చూపించినా వైరింగ్ వైపు వెళ్ళండి. కప్లర్ ఊడదీసి కీ ఆన్‌లో చూస్తే ఒక పిన్నులో 5 వోల్టులు, ఒక పిన్నులో మంచి ఎర్త్ ఉండాలి. 5 వోల్టులు లేకపోతే వెంటనే ఈసీయూను అనుమానించకండి. అదే 5 వోల్టుల లైను ఇంకో రెండు మూడు సెన్సార్లకు కూడా వెళుతుంది. వాటిలో ఒకటి షార్ట్ అయినా అందరికీ పోతుంది. ఒక్కొక్క సెన్సార్ కప్లర్ ఊడదీస్తూ మీటరు చూడండి. ఏది తీయగానే 5 తిరిగి వచ్చిందో అదే దోషి.

కళ్ళతో, చేతులతో

మీటరు పెట్టక ముందు పది నిమిషాలు టార్చి వేసి వైరింగ్ కట్ట వెంట చూపు నడపండి. బ్యాటరీ ట్రే కింద, ఈజీఆర్ పైపు మలుపులో, టర్బో హీట్ షీల్డ్ పక్కన, క్లిప్పు విరిగి కట్ట వేలాడుతున్న చోట ఆగి చూడండి. టర్బో వేడికి స్లీవ్ పెళుసుబారి, వంచితే అప్పడంలా విరుగుతుంది. వేపచెట్టు కిందో ఖాళీ స్థలంలోనో రాత్రిళ్ళు పెట్టే బండ్లలో ఎలుక పళ్ళ గుర్తులు, ఇంజన్ మీద కొరికిన దూది ముక్కలు దొరుకుతాయి.

నీళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. 2021 నవంబరు వరదల్లో మన ఊళ్ళో ఎన్నో బండ్లు నీళ్ళలో నిలబడ్డాయి. ఆ తర్వాత కడిగి, ఆరబెట్టి, ఆయిల్ మార్చి నడుపుకున్నారు. కప్లర్ల లోపల మాత్రం ఎవరూ చూడలేదు. రెండు మూడేళ్ళ తర్వాత వచ్చిన బండ్లలో కూడా పిన్నుల మీద పచ్చటి చిలుము చూశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే కప్లర్ ఊడదీసి లోపల టార్చి వేసి తప్పకుండా చూడండి.

సోలినాయిడ్ కాయిల్

కీ ఆపి, కప్లర్ ఊడదీసి, సోలినాయిడ్ రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. చాలా బండ్లలో 10 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఉంటుంది. మీ మోడల్‌కు ఎంత అన్నది మాన్యువల్ చూసి తెలుసుకోవాలి. అనంతం చూపిస్తే కాయిల్ తెగింది, రెండు మూడు ఓమ్‌లే చూపిస్తే లోపల షార్ట్. ప్రతి పిన్నుకూ సోలినాయిడ్ బాడీకీ మధ్య కూడా కొలవండి, అక్కడ ఏమీ కలవకూడదు.

ఇదంతా చల్లగా ఉన్నప్పుడు చేసి వదిలేస్తే పని సగమే అయినట్టు. రాగి తీగ వేడెక్కితే ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం ఓమ్‌లు పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర 15 ఓమ్‌లు ఉన్న కాయిల్ 85 డిగ్రీల దగ్గర 18.5 చూపించడం సహజం, అది లోపం కాదు. కానీ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తుంటే 15, 16, 17 అని పెరుగుతూ వచ్చి ఒక్కసారిగా అనంతానికి ఎగిరిందంటే కాయిల్ లోపల తీగ వేడికి విడిపోతోంది. ఊళ్ళో బాగుండి ఘాట్‌లో పోయే బండ్లలో ఈ రకం ఒకటి.

12 వోల్టులు కనిపించినంత మాత్రాన సప్లై ఉన్నట్టు కాదు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, సప్లై పిన్నులో మీటరు పెడతారు. 12 చూపిస్తుంది. సప్లై బాగుంది అని రాసుకుంటారు.

డిజిటల్ మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. దాని లోపలి నిరోధం మామూలుగా 10 మెగా ఓమ్‌లు. చిలుము పట్టిన ఫ్యూజు కాలు దగ్గర అయిదు వేల ఓమ్‌ల అడ్డు ఉన్నా మీటరుకు 12 వోల్టులే కనిపిస్తాయి. 15 ఓమ్‌ల సోలినాయిడ్‌కు మాత్రం ముక్కాలు ఆంపియరు పైన కావాలి. అది ఆ చిలుము గుండా రాదు. కుళాయి మూసి ఉన్నప్పుడు సన్న పైపులోనూ ఒత్తిడి ఉంటుంది, కుళాయి తిప్పితేనే బండారం బయటపడుతుంది. ఇదీ అంతే.

అందుకే బల్బు. సప్లై పిన్నుకు, మంచి ఎర్త్‌కు మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే సోలినాయిడ్ కన్నా ఎక్కువే. బల్బు తెల్లగా వెలిగి, అదే సమయంలో మీటరు బ్యాటరీ వోల్టేజి కంటే అర వోల్టుకు మించి తక్కువ చూపించకపోతే సప్లై నిజంగా ఉంది. బల్బు ఎర్రగా మిణుకుమంటే ఫ్యూజు, రిలే, మధ్యలో జాయింటు, ఈ వరుసలో వెనక్కి వెళ్ళండి. ఫ్యూజును చూసి వదలకండి. బల్బు వెలుగుతుండగా ఫ్యూజు రెండు చెవుల మీదా మీటరు పెట్టండి. కొన్ని బండ్లలో ఇంజన్ స్టార్ట్ అయ్యాకే ఈ సప్లై వస్తుందని గుర్తుంచుకోండి.

ఈ బల్బును ఈసీయూ వైపు వెళ్ళే వైరుకు పొరపాటున కూడా పెట్టకండి. ఈసీయూ లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్ (డ్రైవరు) కాలిపోతే ఈసీయూ రిపేరు మీద పడుతుంది.

ఈసీయూ వైపు వైరు

బ్యాటరీ నెగెటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, ఈసీయూ కప్లర్ ఊడదీయండి. డయాగ్రమ్ చూసి ఆ పిన్నుకు, సోలినాయిడ్ కప్లర్ పిన్నుకు మధ్య కొలిస్తే ఒక ఓమ్ లోపే ఉండాలి. అదే వైరుకు, బాడీకి మధ్య ఏమీ కలవకూడదు. 12 వోల్టుల వైపు కూడా చూడాలి. ఈసీయూ, సోలినాయిడ్ రెండు కప్లర్లూ ఊడి ఉండగానే బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేసి, ఆ వైరుకు, ఎర్త్‌కు మధ్య వోల్టులు కొలవండి. ఏమీ చూపించకూడదు. పిన్నులోకి మీటరు మొనను గుచ్చి వెడల్పు చేయకండి. పక్క నుంచి సన్నటి సూదిని ఆనించండి. నేను చూసిన లూజు పిన్నుల్లో కొన్ని అంతకుముందు చెక్ చేసినవాళ్ళ చేతిలో వెడల్పు అయినవే.

ఒక ఓమ్ లోపు వచ్చిందని నమ్మేయకండి. లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు బాగున్నట్టే కనిపిస్తుంది, సోలినాయిడ్ తీసుకునే కొద్దిపాటి కరెంటును మోస్తుంది కూడా. బండి అదిరినప్పుడు ఆ పోగు విడిపోతుంది, అంతే. అందుకని మీటరు పెట్టి ఉంచి, వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున వంచుతూ, లాగుతూ, తడుతూ పోవాలి. బీప్ మోడ్‌లో పెడితే చూపు వైరు మీదే ఉంచుకోవచ్చు.

ఇప్పుడు అన్నీ తిరిగి తగిలించి, స్కానర్‌లో యాక్టువేషన్ టెస్టు నడపండి. కంట్రోల్ వైరు, అంటే ఈసీయూ వైపు వెళ్ళే వైరు, వెనక సూది దూర్చి, ఎర్త్‌తో పోల్చి డీసీ వోల్టులు చూడండి. ఆజ్ఞ లేనప్పుడు 12 దగ్గర ఉండి, డ్యూటీ (ఈసీయూ వైరును ఎర్త్‌కు కలిపి ఉంచే సమయం శాతం) పెంచేకొద్దీ తగ్గుతూ రావాలి. మీటరు చూపేది సగటు కాబట్టి 50 శాతం దగ్గర సుమారు ఆరు వోల్టులు కనిపిస్తాయి. వేళ్ళు సోలినాయిడ్ మీద ఆనిస్తే టకటకమని అదురు తెలుస్తుంది. అదురుతోంది, కానీ కడ్డీ కదలడం లేదంటే కరెంటు పని పూర్తయింది. ఇక వాక్యూమ్ పైపులు, డయాఫ్రమ్, బిగుసుకున్న వేన్లు చూడాలి. చేతి పంపుతో డబ్బాకు వాక్యూమ్ ఇచ్చి కడ్డీ మెత్తగా లోపలికి వెళ్ళి, పట్టి నిలుస్తుందేమో చూస్తే తేలిపోతుంది.

ఐదు వైర్ల మోటారు ఉంటే

రెండు వైర్లు మోటారువి, మూడు పొజిషన్ సెన్సార్‌వి. సెన్సార్‌కు 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. మోటారు తిప్పే చెయ్యి (లీవరు) ఒకవైపు నుంచి ఇంకోవైపుకు వెళ్ళేటప్పుడు సిగ్నల్ సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా ఎక్కడా ఎగరకుండా సాఫీగా మారాలి. ఆ చేతిని బలవంతంగా తిప్పొద్దు, లోపల ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. మోటారు మారిస్తే స్కానర్‌తో మళ్ళీ లెర్నింగ్ (కొత్త మోటారు హద్దులు ఈసీయూకు నేర్పడం) చేయించాలి. అది చేయకుండా కొత్త మోటారు కూడా చెడ్డదే అని తీర్పు చెప్పకండి.

ఎంత కొలిచినా అన్నీ బాగున్నప్పుడు

పోయిన ఎండాకాలం ఒక టాక్సీ కుర్రాడు వచ్చాడు. రోజూ రేణిగుంట స్టేషన్ నుంచి కొండకు యాత్రికులను తోలుతాడు. "ఎక్కేటప్పుడే చస్తా ఉందన్నా బండి. కింద తిరిగినంతసేపు గుర్రం మాదిరి పోతాది" అన్నాడు. అంతకుముందు చూపించిన చోట టర్బో మార్చమన్నారట. అప్పు చేయడానికి సిద్ధపడి, ఎందుకైనా మంచిదని నా దగ్గరికి వచ్చాడు.

కోడ్ పి0045. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో మూడో గేరు వేగం, దాదాపు నిండు లోడు. చల్లగా కాయిల్ 15.2 ఓమ్‌లు, వేడి చేసినా మంచిగానే పెరిగింది. బల్బు తెల్లగా వెలిగింది. వైరు ఒక ఓమ్ లోపే, వంచినా లాగినా బీప్ ఆగలేదు. అన్నీ బాగున్నాయి, బండి మాత్రం బాగాలేదు.

తిరుమల ఘాట్‌లో ఇలాంటి టెస్టు చేయకూడదు, అక్కడ ఆగడానికి వీల్లేదు, వెనకవాళ్ళకు ప్రమాదం. అందుకని కంట్రోల్ వైరు వెనక నుంచి పొడవాటి వైరు లాగి, మీటరు నా ఒళ్ళో పెట్టుకుని, అతన్ని నడపమని చంద్రగిరి వైపు హైవే మీదికి వెళ్ళాం. సమంగా పోతున్నప్పుడు మీటరు ఏడు, ఎనిమిది మధ్య ఆడుతోంది. మూడో గేరులో ఒక్కసారిగా నిండుగా తొక్కమన్నాను. అంకె సున్నాకు పడి, మళ్ళీ లేచింది. ఇంకోసారి తొక్కితే మళ్ళీ అదే.

షెడ్డుకు వచ్చి బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి పట్టి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, క్లచ్చి కొద్దిగా వదలమన్నాను. ఇంజన్ మౌంటింగుల మీద బొటనవేలంత వెనక్కి ఒరిగింది. దాంతో పాటు వైరింగ్ కట్ట బిగిసి, సోలినాయిడ్ కప్లర్‌ను పక్కకు లాగింది. కట్టను పట్టి ఉంచాల్సిన క్లిప్పు విరిగిపోయి ఉంది. కప్లర్ విప్పి, అదే సైజు మగ పిన్ను ఒకటి తెచ్చి ఒక్కొక్క రంధ్రంలో పెట్టి లాగి చూశాను. ఒకదాంట్లో బిగువుగా పట్టింది, సప్లై వైపు దాంట్లో ఏ పట్టూ లేకుండా జారిపోయింది. కప్లర్ లోపలి ఆడ పిన్ను విప్పారి ఉంది. నేను షెడ్డులో చెక్ చేసినప్పుడు నా బల్బు సూది దానికి గట్టిగా ఆనింది కాబట్టి వెలిగింది. సోలినాయిడ్ పిన్ను నుంచి మాత్రం ఘాట్ మలుపులో ఇంజన్ ఒరిగినప్పుడల్లా విడిపోతోంది.

కొత్త ఆడ పిన్ను క్రింప్ చేసి (వైరు మీద నొక్కి బిగించి), క్లిప్పు వేసి, ఇంజన్ కదలడానికి వీలుగా కట్టకు కొంచెం వదులు ఇచ్చాను. వస్తువుల ఖర్చు వంద రూపాయల లోపే. ఆ రోజు నుంచి ప్రతి కప్లర్‌కూ మగ పిన్నుతో ఈ పట్టు టెస్టు బల్బు కంటే ముందే చేస్తున్నాను.

అతుకు వేసేటప్పుడు

మెలిపెట్టి టేపు చుట్టడం ఇంజన్ దగ్గర పనికిరాదు. ఆ జిగురు వేడికి కరిగి, మొదటి వానకే తడి లోపలికి పోతుంది. సరైన సైజు క్రింప్ జాయింటు, దాని మీద జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు, ఆపైన గుడ్డ టేపు వేయండి. సోల్డర్ చేస్తే సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి అదురుకు విరుగుతుంది. చేయాల్సి వస్తే అతుకుకు రెండు వైపులా కట్టను కదలకుండా కట్టండి. పాత దారి వేడి గొట్టం పక్క నుంచే పోతుంటే దారి మార్చండి. పిన్నులో చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్ చేసి ఆరనివ్వండి. ఉప్పుకాగితంతో గీకితే పైపూత పోయి ఇంకా త్వరగా పాడవుతుంది.

అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి

కోడ్‌లు చెరిపి, ఇద్దరుగా హైవే మీదికి వెళ్ళండి. ఒకరు నడపాలి, ఒకరు స్కానర్ చూడాలి. ఈసీయూ కోరిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్ రెండు గీతలూ పెట్టి మూడో గేరులో 1500 నుంచి 3500 ఆర్‌పీఎం దాకా నిండుగా తొక్కండి. వచ్చిన గీత కొంచెం ఆలస్యంగా లేచినా కోరిన గీతను అందుకుని దాని వెంటే నడవాలి. ఇలా నాలుగైదుసార్లు చేసి, పెండింగ్ కోడ్‌లు కూడా చూడండి. లైటు వెలగకపోయినా లోపం అక్కడ ముందుగా కనిపిస్తుంది.

ఆ తర్వాతే కొండకు వెళ్ళండి. పైకి చేరి బండి పార్కింగులో పెట్టాక, తిరుగు ప్రయాణానికి స్టార్ట్ చేసే ముందు కీ ఆన్‌లో ఒక్కసారి మానిఫోల్డ్ ప్రెషర్ చూసి, అంకెను తేదీతో పాటు చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా ఆ బండి నా దగ్గరికో ఇంకొకరి దగ్గరికో వస్తే మేము మొదట అడిగేది ఆ చీటీనే.